రంపం కొనే ముందు పళ్లు చూడండి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పనిముట్ల దుకాణానికి వెళ్లి ఏ కటింగ్ మెషీన్ గురించి అడిగినా మాట ముందు వాట్ల దగ్గరికే పోతుంది. ఇది 800, అది 1,400 అంటారు. మొదట్లో నేనూ వాట్లు చూసే ఒక జిగ్‌సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే మెషీన్) కొన్నాను. పుస్తకాల అలమర కోసం సన్‌మైకా అంటించిన ప్లైవుడ్ దాంతోనే కోశాను. కోత గీత తప్పలేదు కానీ, గీత పొడవునా సన్‌మైకా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. చాలా బాధేసింది. పలకను తిప్పి చూస్తే అడుగు వైపు అంచు నున్నగా ఉంది. బ్లేడు అదే, కోతా అదే. మరి పైన ఒకలా, కింద ఇంకోలా ఎందుకొచ్చింది?

జిగ్‌సా బ్లేడును చేతిలోకి తీసుకుని చూడండి. దాని పళ్లు మెషీన్ వైపు, అంటే పైకి తిరిగి ఉంటాయి. బ్లేడు కిందికి దిగేటప్పుడు దాదాపు ఏమీ కోయదు, పైకి లేచేటప్పుడే కోస్తుంది. దానివల్ల మెషీన్ పీట పలకకు అతుక్కుని ఉంటుంది, ఎగిరిపడదు. అయితే పన్ను కొయ్యలోకి దిగే చోట పీచుకు వెనక ఆసరా ఉంటుంది, బయటపడే చోట ఉండదు. ఆసరా లేని పీచు తెగకుండా చిట్లుతుంది. పన్ను ఏ వైపు నుంచి బయటికొస్తే ఆ వైపే పెచ్చులు లేస్తాయన్నమాట.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. జిగ్‌సా, చేత్తో పట్టుకుని తోసే గుండ్రటి బ్లేడు రంపం (సర్క్యులర్ సా) రెండూ కింది నుంచి పైకి కోస్తాయి కాబట్టి అందమైన వైపును బోర్లించి, వెనకవైపు గీత గీసి కోయాలి. బల్లలో బిగించిన రంపం, తోస్తే కోసే మామూలు చేతి రంపం పై నుంచి కిందికి కోస్తాయి కాబట్టి వాటికి అందమైన వైపు పైకి ఉండాలి. అలమరకు రెండో పలక కోసినప్పుడు నేను చేసింది ఇంతే. దానికి తోడు గీత మీద మాస్కింగ్ టేపు అంటించాను. అంచు శుభ్రంగా వచ్చింది.

జిగ్‌సా పుట్టుక కూడా ముచ్చటైనది. 1946లో స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ కౌఫ్‌మన్ అనే ఇంజినీరు కుట్టుమిషన్‌లో సూది తీసేసి, దాని స్థానంలో రంపం బ్లేడు బిగించాడు. బ్లేడు సూదిలా సన్నగా ఉంటుంది కాబట్టే వంపులు తిరిగే కోతకు అది అంత బాగా పనికొస్తుంది. తిన్నగా ఎనిమిది అడుగుల ప్లైవుడ్ కోయాలంటే మాత్రం సన్నటి ఆ బ్లేడు పక్కకి వంగుతుంది. ఆ పనికి సర్క్యులర్ సా కావాలి.

ఇక కొయ్య సంగతి. కొయ్యంటే దగ్గరగా కట్టిన గడ్డిమోపు అనుకోండి. మోపును అడ్డంగా కోయాలంటే ప్రతి పరకనూ తెంపాలి. అందుకని అడ్డకోత రంపానికి పళ్లు చాకు మొనల్లా పక్కలు వాలుగా అరగదీసి ఉంటాయి. పరకల వెంబడి నిలువుగా చీల్చే రంపానికి ఒక్కో పన్నూ చిన్న ఉలిలా ఉండి, కొయ్యను చెక్కుకుంటూ పోతుంది. చీల్చే రంపంతో అడ్డంగా కోస్తే పీచు లేచి అంచు గరుకుగా తయారవుతుంది. ప్లైవుడ్‌లో ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం కాబట్టి దానికి పళ్లు ఎక్కువగా, సన్నగా ఉన్న బ్లేడే మంచిది. కోత నెమ్మదిగా సాగినా అంచు బాగుంటుంది.

ఇనుప గొట్టం కోసే హ్యాక్‌సాకూ ఇలాంటి లెక్కే. అంగుళానికి 18, 24, 32 పళ్లుండే బ్లేడులు దొరుకుతాయి. 18 పళ్ల బ్లేడులో పన్నుకీ పన్నుకీ మధ్య దూరం దాదాపు 1.4 మిల్లీమీటర్లు. గొట్టం మందం ఒక మిల్లీమీటరే అయితే ఆ అంచు రెండు పళ్ల సందులో పడి ఇరుక్కుంటుంది, పళ్లు విరుగుతాయి. పల్చటి గొట్టానికి 32 పళ్లదే వాడాలి.

పలకలు కొలిచేటప్పుడు రంపం తినే కొయ్యను చాలామంది మరిచిపోతారు. నాలుగడుగుల వెడల్పున్న ప్లైవుడ్‌ను నాలుగు ముక్కలు చేయాలంటే మూడు కోతలు. కోతకు 2.5 మిల్లీమీటర్లు పొట్టుగా పోయినా మొత్తం 7.5 మిల్లీమీటర్లు. ముందే మూడు గీతలూ అడుగుకొకటి గీసుకుంటే ముక్కలు కొలతకు రావు. ఒక ముక్క కోశాకే రెండోదానికి గీత గీయాలి.

మన దగ్గర ఇళ్ల పనుల్లో ఎక్కువగా కనిపించేది నాలుగంగుళాల మార్బుల్ కట్టర్. రాయి కోసే చక్రం తీసి, కొయ్య కోసే పళ్ల బ్లేడు బిగిస్తారు. ఆ మెషీన్ నిమిషానికి 12,000 చుట్ల దాకా తిరుగుతుంది. 110 మిల్లీమీటర్ల బ్లేడు అంచు వేగం లెక్కేస్తే గంటకు దాదాపు 250 కిలోమీటర్లు. ఏడంగుళాల సర్క్యులర్ సా బ్లేడు పెద్దదే కానీ నిమిషానికి సుమారు 5,000 చుట్లే, అంచు వేగం అంతకంటే తక్కువ. అందుకని ఏ బ్లేడు కొన్నా దాని మీద ముద్రించిన గరిష్ఠ చుట్ల సంఖ్య మెషీన్ వేగానికి తగ్గకుండా ఉందో లేదో చూసుకోవాలి.

అంతకంటే భయపెట్టేది ఇనుము అరగదీసే యాంగిల్ గ్రైండర్‌కు పళ్ల బ్లేడు బిగించడం. ఒకసారి మా ఇంటికి తలుపుల పనికి వచ్చిన మేస్త్రి అలాగే కోయబోయాడు. "బ్లేడు మీది గార్డు ఏది మేస్త్రీ?" అంటే, "అది పెడితే బ్లేడు పట్టదు సార్" అన్నాడు. ప్లగ్ తీయించాను. గ్రైండర్‌కు పలక మీద ఆనే పీట ఉండదు. చాలావాటి స్విచ్ ముందుకి జరిపితే అలాగే నిలిచిపోతుంది, చేయి జారినా ఆగదు. కొయ్య నొక్కుకుని బ్లేడు పట్టేస్తే ఆ వేగమంతా మెషీన్‌ను మన మీదికే విసురుతుంది. గ్రైండర్ చక్రాలు అరగదీయడానికీ, ఇనుము, రాయి లాంటివి కోయడానికీ. దయచేసి కొయ్యకు వాడకండి, వాడనివ్వకండి. ఏ కటింగ్ మెషీన్ దగ్గరైనా లుంగీ, చున్నీ, వదులు చేతులు వద్దు. కళ్లద్దాలు, మాస్కు ఉండాలి. కొయ్య పొట్టు పీల్చడం క్యాన్సర్‌కు కారణమని ఎప్పుడో తేలింది.

డ్రిల్లింగ్ మెషీన్లలోనూ వాట్ల కన్నా లోపల దెబ్బ ఎలా పుడుతుందో చూడాలి. మామూలు ఇంపాక్ట్ డ్రిల్‌లో రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ చిన్నచిన్న దెబ్బలు వేలకొద్దీ కొడతాయి. ఇటుక గోడకు అవి చాలు. శ్లాబు, బీము అయితే రోటరీ హామర్ కావాలి. దాని పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి బలంతో దెబ్బ వేస్తుంది. దెబ్బల సంఖ్య తక్కువ, ఒక్కో దెబ్బ బలం ఎక్కువ. ఫ్యాన్ హుక్కు కోసం ఏడాదికోసారి వాడేదైతే అద్దెకు తెచ్చుకోండి.

వాట్లు పట్టించుకోవాల్సింది స్విచ్ బోర్డు దగ్గర. ఇంట్లో మామూలు సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల లెక్కన అది మోసేది 1,380 వాట్లే. 1,400 వాట్ల కట్టర్‌ను గీజర్ పెట్టే 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు సన్నదైతే అంతకంటే ముందే అది వేడెక్కి ఇబ్బంది మొదలవుతుంది.

ఇంటికి మొదటగా ఏం కొనాలని అడిగితే ఒక మంచి చేతి రంపం, ఒక హ్యాక్‌సా అంటాను. ఆ తర్వాతే జిగ్‌సా. చేతి రంపం కొనేటప్పుడు దుకాణంలోనే పళ్లను కంటికెదురుగా పెట్టి, పొడవునా చూడండి. పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కొంచెం వంగి ఉంటాయి. కోత బ్లేడు కంటే వెడల్పుగా పడి, రంపం ఇరుక్కోకుండా ఉండటానికే ఆ వంపు. అది రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూసుకోండి. ఏ పక్క ఎక్కువుంటే కోత ఆ పక్కకే లాక్కెళుతుంది.