గీకి పారబోసే నల్లపొడితో రోడ్డుకు కొత్త పూత

చెన్నై వీధుల్లో ఏళ్ళ తరబడి పొర మీద పొర తారు వేస్తూ పోవడంతో చాలా ఇళ్ళ గడపలు రోడ్డు కన్నా కిందికి వెళ్ళిపోయాయి. వానొస్తే నీళ్ళు నేరుగా వరండాలోకే. అందుకే కొత్త పొర వేసేముందు పాతది గీకి తియ్యాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో గట్టిగా ఆదేశించింది. మిల్లింగ్ యంత్రం అలా గీకి తీసిన నల్లపొడి, పెళ్ళల మిశ్రమాన్ని రాప్ అంటారు. దీన్ని పల్లాలు పూడ్చడానికి పోసెయ్యడం దండగ. మంచి నల్లరాయి కంకర అది, పైగా నాలుగైదు శాతం బిటుమెన్ (మనం తారు అనే నల్లటి జిగురు) అప్పటికే పట్టి ఉంటుంది.

రాప్‌ని మళ్ళీ వేడి మిశ్రమంలో కలపడం పాత సంగతే. ఇంకా చెడిపోని రోడ్డు మీద వేసే పల్చటి రక్షణ పూతల్లోనూ అది పనికొస్తుందన్నది మన దగ్గర అంతగా పట్టించుకోని విషయం. వాటిలో ముఖ్యమైనది మైక్రోసర్ఫేసింగ్. సన్న కంకరపొడి, పాలిమర్ కలిపిన బిటుమెన్ ఎమల్షన్ (నీళ్ళలో సన్న బొట్లుగా చెదిరి ఉన్న బిటుమెన్), నీళ్ళు, కాస్త సిమెంటు తీసుకుని, ఏదీ వేడి చెయ్యకుండా లారీ మీదే కలిపి, వెనక లాగే పెట్టెతో పరుస్తారు. మందం 4 నుంచి 6 మిల్లీమీటర్లు. పరిచినప్పుడు కాఫీరంగులో ఉంటుంది, ఎమల్షన్ విరిగి, అంటే బిటుమెన్ విడిపోయి, నీళ్ళు వదిలేకొద్దీ నల్లబడుతుంది. ఒకటి రెండు గంటల్లో బండ్లు వదలచ్చు. ఇది రోడ్డుకు బలం పెంచదు. నీళ్ళు లోపలికి దిగకుండా ఆపుతుంది, నున్నబడ్డ పైభాగానికి గరుకునిస్తుంది, అంతే.

లెక్క చూడండి. 200 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పున్న వీధి 1,400 చదరపు మీటర్లు. అక్కడ 40 మిల్లీమీటర్లు గీకితే దాదాపు 129 టన్నుల రాప్ వస్తుంది. అదే విస్తీర్ణానికి మైక్రోసర్ఫేసింగ్ వెయ్యాలంటే చదరపు మీటరుకు 10 కిలోల చొప్పున 14 టన్నుల కంకరపొడి చాలు. జల్లిస్తే మూడో వంతే సన్నపొడి తేలిందనుకున్నా, ఒక వీధి గీకుడు మూడు వీధుల పూతకు సరిపోతుంది.

చిక్కంతా ఆ జల్లెడ దగ్గరే. 5 మిల్లీమీటర్ల పూతలో 10 మిల్లీమీటర్ల పెళ్ళ ఒక్కటి పడిందా, అది పెట్టె వెనకున్న రబ్బరు పట్టీ కింద ఇరుక్కుని మీటర్ల పొడవునా గాడి గీసుకుంటూ పోతుంది. ఎండలో ఎత్తుగా పోసిన కుప్పలో పొడి మళ్ళీ అంటుకుని ఉండకడుతుంది. పొద్దున చేత్తో నలిగిపోయే ఉండ మధ్యాహ్నానికి సాగుతుంది. కాబట్టి కుప్ప తక్కువ ఎత్తులో, నీడలో ఉండాలి, యంత్రంలోకి ఎక్కించే రోజున ఇంకోసారి జల్లించాలి. తెల్లగీతల పెయింటు పెచ్చులు, రిఫ్లెక్టర్ ముక్కలు కూడా అప్పుడే ఏరెయ్యచ్చు.

అంతకన్నా పెద్ద శత్రువు మట్టి. గీకేటప్పుడు బ్లేడు లోతుకు దిగి కింది పొరను తాకితే బంకమట్టి కలుస్తుంది. ఎమల్షన్‌కు పర్యావరణ స్పృహ ఉండదు, బంకమట్టి తగిలితే పెట్టెలోనే విరిగి ముద్దవుతుంది. పైపొర గీకుడును విడిగా పోయించుకోవడం అన్నిటికన్నా చౌకైన జాగ్రత్త.

మూడో పొరపాటు ఆశతో చేసేది: ‘రాప్‌లో బిటుమెన్ ఉంది కదా, ఎమల్షన్ తగ్గిద్దాం’ అనుకోవడం. ఆ పాత బిటుమెన్ ఏళ్ళ ఎండకు బిగుసుకుపోయింది. వేడి తగలని మిశ్రమంలో అది కరిగి అంటుకోదు, దాదాపు రాయిలాగే ఉండిపోతుంది. ఎమల్షన్ బాగా కోసేస్తే నెలల్లోనే పొడి రాలుతుంది. ఎంత తగ్గించవచ్చో పరీక్షే చెప్పాలి.

ఆ పరీక్ష మొదలయ్యేది ఒక కప్పుతో. 100 గ్రాముల పొడి, 1 గ్రాము సిమెంటు, 8 నుంచి 10 గ్రాముల నీళ్ళు, 60 శాతం బిటుమెన్ ఉన్న ఎమల్షన్ 12 గ్రాములు వేసి కలుపుతూ గడియారం చూడాలి. కనీసం 120 సెకన్లు జారుగా ఉండాలి. ముందే గట్టిపడితే పొడిలో మట్టి ఉందనో, ఎమల్షన్‌తో పొంతన కుదరలేదనో అర్థం. తర్వాత తడిలో రుద్ది చూసే అరుగుదల పరీక్ష: గంటసేపు నానిన నమూనా చదరపు మీటరుకు 538 గ్రాములకు మించి నష్టపోకూడదు. చెన్నై మే నెల ఎండలో ల్యాబ్‌లో వచ్చిన 120 సెకన్లు రోడ్డు మీద రావు. పొద్దున్నే మొదలుపెట్టాలి, పెట్టెకు ముందు రోడ్డును సన్నటి తుంపరతో తడపాలి. నీళ్ళు మడుగు కట్టకూడదు.

రోడ్లలో వాడే మరో వ్యర్థం ప్లాస్టిక్ సంగతి వేరు. 2002లోనే చెన్నై నుంగంబాక్కం జంబులింగం వీధిలో ప్లాస్టిక్ కలిపిన రోడ్డు వేశారు. ముక్కలు చేసిన క్యారీబ్యాగులు కంకర మీద కరిగి పట్టాలంటే 160 డిగ్రీల పైచిలుకు వేడి కావాలి. కాబట్టి చల్లని పూతల్లో ఈ పద్ధతికి చోటు లేదు, 25 మిల్లీమీటర్ల వేడి కార్పెట్‌కు (వేడి తారు కంకర పొరకు) సరే. పైన చెప్పిన వీధికి అలాంటి కార్పెట్ వేస్తే సుమారు 80 టన్నుల మిశ్రమం, అందులో 4 టన్నుల బిటుమెన్, దానిలో 8 శాతం చొప్పున 320 కిలోల ప్లాస్టిక్ పడుతుంది. పీవీసీ ఒక్క ముక్క కూడా కలవకూడదు, వేడికి ఆమ్లవాయువు విడుస్తుంది.

టైరు రబ్బరు చిప్ సీల్‌కు (వేడి బిటుమెన్ చల్లి, దాని మీద సన్న కంకర పరిచే పూతకు) బాగా కుదురుతుంది. అమెరికాలోని ఫీనిక్స్ నగర ఇంజినీరు చార్లెస్ మెక్‌డొనాల్డ్ 1960ల్లో దీన్ని పగుళ్ళు తేలిన రోడ్ల మీద వాడి చూపించాడు. రబ్బరు పొడి వేడి బిటుమెన్‌లో ముప్పావుగంట, గంట ఉబ్బాలి. కలియబెట్టడం ఆపితే ట్యాంకు అడుగుకు దిగుతుంది, అతిగా కాగితే జిగురు పల్చబడిపోతుంది.

కూల్చిన భవనాల కాంక్రీటు ముక్కల్ని మాత్రం ఈ పల్చటి పూతల్లోకి రానివ్వకపోవడమే మేలు. నీళ్ళు బాగా పీలుస్తాయి, దుమ్ము ఎక్కువ. అవి రోడ్డు అడుగు పొరలకు పోవాలి.

ఏ సరుకు వాడినా, మొసలి చర్మంలా పగిలిన రోడ్డు మీద మైక్రోసర్ఫేసింగ్ వేస్తే పగుళ్ళు కొద్ది నెలల్లో పైకి తేలతాయి. అప్పుడు నింద రాప్ మీద పడుతుంది. ముందుగా గుంతలు పూడ్చి, 3 మిల్లీమీటర్లు దాటిన పగుళ్ళు నింపి, దుమ్ము ఊడ్చి, అక్టోబరు వానలకు చాలినంత ముందే, సెప్టెంబరు మొదటికల్లా పని ముగించాలి.