ఫ్రీ వర్స్‌ను ఉర్దూలో ఏమనాలి? సాహిత్య పదాల అనువాదంపై అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో ఉంటూ ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్, తెలుగుల నుంచి ఉర్దూలోకి అనువాదాలు చేస్తున్నాను. కవిత కంటే కవిత గురించి రాసిన వ్యాసమే నన్ను ఎక్కువ సతాయిస్తుంది. అందులో అడుగడుగునా పారిభాషిక పదాలు తగులుతాయి. వాటి గురించి నన్ను కలిసేవాళ్లు తరచుగా అనే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: డిక్షనరీ తీస్తే పదం దొరుకుతుంది, పని అయిపోతుంది.

వాస్తవం: పదం దొరుకుతుంది. అది ఆ చోట నప్పుతుందా లేదా అన్నది మాత్రం కవిత ముందు పెట్టుకుంటేనే తేలుతుంది. ఫ్రీ వర్స్‌కు, అంటే మన వచన కవితలాంటి ఇంగ్లిష్ కవితకు, డిక్షనరీలో 'ఆజాద్ నజ్మ్' అని ఉంటుంది. ఆజాద్ అంటే స్వేచ్ఛ గలది, నజ్మ్ అంటే కవిత. మాటకు మాట సరిపోయింది కదా అని తెలుగు వచన కవిత్వం మీది ఒక వ్యాసంలో నేనూ అదే రాశాను. అచ్చుకు పంపేముందు మండిబజార్‌లో ఉండే ఒక ఉర్దూ కవికి చూపించాను. ఆ పెద్దాయన నా అనువాదంలో మొదటి పాదం మెల్లగా చదివి వేళ్ల మీద లెక్కపెట్టారు. రెండో పాదం చదివి మళ్లీ లెక్కపెట్టారు.

"బేటా, ఇందులో బహర్ ఏది?"

"బహర్ ఉండదు సాబ్, ఇది ఆజాద్ నజ్మ్ కదా" అన్నాను.

"బహర్ లేకపోతే నస్రీ నజ్మ్ అను. ఆజాద్ నజ్మ్‌లో బహర్ పోదు."

బహర్ అంటే ఛందస్సు. ఉర్దూ ఆజాద్ నజ్మ్‌లో సాధారణంగా ఒకే గణం కవిత పొడవునా నడుస్తుంది. ఒక పాదంలో నాలుగుసార్లు, తర్వాతి పాదంలో రెండుసార్లు రావచ్చు. పాదం పొడవు వరకే స్వేచ్ఛ. ఆయన 'ఫఊలున్ ఫఊలున్' అంటూ బల్ల మీద తట్టి చూపించారు. ఫఊలున్ ఉర్దూ ఛందస్సులో ఒక గణం పేరు. ఒక లఘువు, రెండు గురువులు. బడిలో యమాతారాజభానస వల్లెవేసినవాళ్లకు అది అచ్చంగా య గణం. 'ఫాఇలున్' మన ర గణం. ఇన్నేళ్లూ ఈ రెండు లెక్కలూ నా తలలో వేర్వేరు అరల్లో ఉండిపోయాయి, ఆ రోజే కలిశాయి.

ఇంగ్లిష్ ఫ్రీ వర్స్‌కు ఇలా కట్టుబడి నడిచే గణం లేదు. మన వచన కవితకూ లేదు. కాబట్టి దానికి ఉర్దూలో దగ్గరి మాట నస్రీ నజ్మ్. నస్ర్ అంటే వచనమే. ఇక్కడా ఒక చిక్కుంది. ఇంగ్లిష్‌లో పేరాలాగా రాసే ప్రోజ్ పోయెమ్‌నూ ఉర్దూలో నస్రీ నజ్మ్ అనే అంటారు. రెండూ ఒకే వ్యాసంలో వస్తే నేను ఒక వాక్యం అదనంగా రాసి తేడా చెబుతాను. బ్లాంక్ వర్స్ సంగతి వేరు. దాన్ని నజ్మె ముఅర్రా అంటారు. ఛందస్సు ఉంటుంది, అంత్యప్రాస ఉండదు.

అపోహ: పదం కాస్త అటూ ఇటూ అయినా భావం తెలిసిపోతుంది.

వాస్తవం: 10వ శతాబ్దంలో మత్తా బిన్ యూనుస్ అరిస్టాటిల్ కావ్యశాస్త్రాన్ని సిరియాక్ భాష నుంచి అరబ్బీలోకి తెచ్చారు. ట్రాజెడీని 'మదీహ్' అన్నారు, కామెడీని 'హిజా' అన్నారు. అంటే స్తుతి, నింద. అర్థమే మారిపోయింది. గ్రీకు నాటకం వాళ్ల అనుభవంలో లేదు, తెలిసిన కవిత్వంలోంచి మాటలు తీసుకున్నారు. 12వ శతాబ్దంలో ఇబ్న్ రుష్ద్ అంతటి పండితుడు రాసిన వ్యాఖ్యానం కూడా ఆ మాటల మీదే నడిచింది. ఇప్పుడు ఉర్దూలో ట్రాజెడీ 'అల్మియా'. అలమ్ అంటే దుఃఖం.

అపోహ: ఉర్దూ సాహిత్య పదాలన్నీ గట్టి అరబ్బీ, ఫార్సీ మాటలు. తెలుగువాళ్లకు కొరుకుడు పడవు.

వాస్తవం: నావెల్, డ్రామా, ప్లాట్, సానెట్ అలాగే వాడుకలో ఉన్నాయి. పాత్ర మనసులో పారే ఆలోచనలను అలాగే రాసే చైతన్య స్రవంతిని 'షుఊర్ కీ రౌ' అంటారు. అందులో 'కీ' మనం బజారులో రోజూ వినేదే. మెటఫర్‌కు, అంటే రూపకాలంకారానికి, వాడే 'ఇస్తిఆరా' అరబ్బీ మాటే. కానీ దాని అసలు అర్థం అరువు అడగడం. ఒక వస్తువు పేరును ఇంకో వస్తువు కోసం అరువు తెచ్చుకుంటాం కదా, ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ఉపమకు వాడే 'తష్బీహ్' మన వ్యాకరణంలోలాగే విడిపోతుంది. ముషబ్బహ్ ఉపమేయం, ముషబ్బహ్ బిహ్ ఉపమానం, వజ్హె షబహ్ సమానధర్మం, హర్ఫె తష్బీహ్ ఉపమావాచకం. ప్రతీకను 'అలామత్' అంటారు. మొహర్రంలో మన ఊళ్లలో లేపే పీరును అలం అంటారు చూడండి, అలామత్, ఈ అలం రెండూ ఒకే ధాతువులోంచి వచ్చినవే. దుఃఖం అనే అలమ్ వేరే మాట. ఈ సంగతి చెబితే క్లాసులో పిల్లలు ఆ పదాన్ని ఇక మర్చిపోరు.

అపోహ: మంచి పారిభాషిక పదానికి ఒకే అర్థం ఉండాలి.

వాస్తవం: 'తమ్సీల్' అంటే ఉర్దూలో అలిగరీ (పైకి ఒక కథ, లోపల ఇంకో అర్థం ఉండే రచన), నాటకం కూడా. తెలుగులో 'రూపకం' ఒక అలంకారం, నాటకం కూడా. సందర్భాన్ని బట్టి పాఠకుడు పోల్చుకుంటాడు. ఒక నాటకంలోని రూపకాల గురించి రాసిన తెలుగు వ్యాసం వచ్చినప్పుడు మాత్రం నేను అలంకారానికి ఇస్తిఆరా, నాటకానికి డ్రామా అని పెట్టాను. తమ్సీల్ జోలికి పోలేదు. పెద్దాయన ఆ పేజీలు చదివి పెన్సిల్ పక్కన పెట్టి, చాయ్ తెప్పించారు.