రెండు తాళ్ల వల

అమ్ములూ,

మొన్న ఫోనులో "తాతయ్యా, ఇంటర్ ఎంఈసీ అయిపోవస్తోంది. మ్యాథ్స్, ఎకనామిక్స్ రెండూ సమానంగా చదవాలని ఉంది. ఏ కాలేజీలో చేరను?" అన్నావు. గొంతులో టెన్షన్ తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. నీ స్నేహితులకూ చదివి వినిపించు.

మా చిన్నప్పుడు విశాఖ పెదజలారిపేట ఒడ్డున అలివి వల లాగేవారు. పడవ సముద్రంలో అర్ధచంద్రంలా తిరిగి వల వేసి వచ్చేది. వల తాళ్లు రెండూ ఒడ్డున బాగా ఎడంగా ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో జట్టు. లాగుతూ లాగుతూ రెండు జట్లూ దగ్గరికి జరిగేవి. బడి ఎగ్గొట్టి నేనూ ఓ తాడు పట్టేవాణ్ని. చేతులు బొబ్బలెక్కేవి. కూలిగా ఇచ్చిన గుప్పెడు కవ్వళ్ల చేపలు ఇంటికి తెస్తే అమ్మ ముందు తిట్టి, తర్వాత పులుసు పెట్టేది. ఒక జట్టు తొందరపడితే మాత్రం వల ఒరిగి చేపలు జారిపోయేవి.

నీ చదువుకీ రెండు తాళ్లు. సరుకు ఇంకొక్కటి చేస్తే ఖర్చెంత పెరుగుతుందని ఎకనామిక్స్ అడుగుతుంది. అది నీ మ్యాథ్స్‌లో మార్పు రేటు చెప్పే డెరివేటివే. అంకెల మధ్య సంబంధం కనిపెట్టే రిగ్రెషన్‌కి మ్యాట్రిక్సుల లెక్క, అదే లీనియర్ ఆల్జీబ్రా, పై చదువుకి లిమిట్లూ ప్రూఫులూ నేర్పే రియల్ అనాలిసిస్ కావాలి. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్షలో మ్యాథ్స్ రాయాల్సింది అందుకే. కాబట్టి కాలేజీ పేరు కన్నా ముందు సిలబస్ చూడు. ఒకటి మేజరు, అంటే ప్రధాన సబ్జెక్టు, రెండోది నాలుగు పేపర్ల మైనరు అయితే ఒక తాడు సన్నబడినట్టే. రెండు డిపార్ట్‌మెంట్ల క్లాసులూ ఒకే గంటకు పడతాయేమో టైంటేబుల్లో చూడు. మూడో ఏడాది పిల్లల్ని అడుగు, మొహమాటపడకు. సిగ్గుపడి అడగనివాళ్లే తర్వాత బాధపడతారు తల్లీ.

పేరున్న స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావుగారు మన ఆంధ్రా యూనివర్సిటీలోనే మ్యాథ్స్ చదివి, కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ పట్టుకున్నారు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, దానికి హద్దేమిటో 1945లో వచ్చిన ఆయన పేపరు చెప్పింది. ఎకనామిక్స్ అంకెల్ని స్టాటిస్టిక్స్‌తో కొలిచే ఎకనామెట్రిక్స్ క్లాసులో ఆ హద్దు నీకూ ఎదురవుతుంది. వాల్తేరు మెట్ట మీది ఆ యూనివర్సిటీలో నేర్చిన లెక్క ఎంత దూరం పోయిందో చూడు!

ఆదివారం తెల్లవారకముందే ఒడ్డుకు వెళ్దాం రా. వల లాగుతుంటే జట్లు ఎలా దగ్గరవుతాయో చూద్దువుగాని. తాడుకి నువ్వూ ఓ చెయ్యి వెయ్యి, వాళ్లు కాదనరు.

మీ తాతయ్య