సిరీస్‌లో చివరి నవల నిరాశపరిస్తే: అపోహలు - వాస్తవాలు

ఫాంటసీ రొమాన్స్ నవలలకు సంపాదకత్వం వహించే నాకు, పేరున్న ఒక సిరీస్ ముగిసిన ప్రతిసారీ పాఠకుల నుంచి ఇంచుమించు ఒకే రకమైన ఫిర్యాదులు వినిపిస్తాయి. వారి నిరాశ నిజమైనదే. దానికి చెప్పుకునే కారణాలే చాలావరకు పొసగవు.

అపోహ: ముగింపు ఏమిటో రచయితకు ముందుగా తెలియకపోవడం వల్లనే చివరి పుస్తకం చెడిపోతుంది.

వాస్తవం: మరీ ముందుగా తెలిసి ఉండడమే ఒక్కొక్కసారి చిక్కు తెస్తుంది. రక్తపిశాచిని ప్రేమించిన అమ్మాయి కథ ‘ట్వైలైట్’కు కొనసాగింపుగా స్టెఫనీ మేయర్ మొదట రాసుకున్నది ‘ఫరెవర్ డాన్’ అనే అముద్రిత నవల. ‘న్యూ మూన్’, ‘ఎక్లిప్స్’ ఆ తరువాత వచ్చాయి. 2008లో వెలువడిన చివరి నవల ‘బ్రేకింగ్ డాన్’కు ఆధారం ఆ పాత రాతప్రతే. అయితే మధ్యలోని రెండు నవలలలో జేకబ్ అనే యువకుడు కథానాయిక బెల్లాను ప్రేమించి, ఆమె ప్రియుడైన రక్తపిశాచి ఎడ్వర్డ్‌తో పోటీపడి, ఎందరో పాఠకులను తన పక్షానికి తిప్పుకున్నాడు. అంత వేదన పడ్డ పాత్రకు, అప్పుడే పుట్టిన బెల్లా కూతురితో విడదీయరాని బంధం ముడిపడడమే పరిష్కారమని చివరి నవల చెప్పినప్పుడు చాలామందికి మింగుడుపడలేదు. పాత్ర ప్రణాళికను దాటి పెరిగినప్పుడు మార్చవలసింది ప్రణాళికనే అని నా అభిప్రాయం.

అపోహ: నాయిక తప్పు నాయకుణ్ణి ఎంచుకుంది.

వాస్తవం: ఎవరిని ఎంచుకున్నా సగం అభిమానులు నొచ్చుకుంటారు. దీన్ని ఇక్కడితో వదిలేయవచ్చు.

అపోహ: సుఖాంతమైతే పాఠకులు తృప్తి పడతారు, విషాదాంతమైతేనే కోపగిస్తారు.

వాస్తవం: ప్రేమకథ కేంద్రంగా ఉండాలని, ముగింపు మనసుకు తృప్తినిస్తూ ఆశావహంగా ఉండాలని రచయితల సంఘమైన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా రొమాన్స్ ప్రక్రియను నిర్వచించింది. కాబట్టి 2013లో వెరోనికా రాత్ ‘డైవర్జెంట్’ సిరీస్ చివరి నవల ‘అలీజియంట్’లో కథానాయిక మరణించినప్పుడు, ఆ సిరీస్‌ను ప్రేమకథగా చదివినవారు మండిపడడంలో ఆశ్చర్యం లేదు (నిజానికి అది భవిష్యత్ సమాజపు కథ, రచయిత్రి అటువంటి హామీ ఏదీ ఇవ్వలేదు). కానీ ‘బ్రేకింగ్ డాన్’ సుఖాంతమే అయినా అసంతృప్తి తప్పలేదు. అమరత్వం కోసం తల్లిదండ్రులను వదులుకోవాలని, కొత్తగా రక్తపిశాచిగా మారినవారికి దాహం అదుపులో ఉండదని ముందు నవలలు పదేపదే హెచ్చరించాయి. తీరా చివరికి వచ్చేసరికి బెల్లాకు తండ్రి దూరం కాలేదు, దాహం ఆమెను లొంగదీసుకోలేదు, ప్రత్యర్థులతో జరగవలసిన యుద్ధం మాటలతోనే ముగిసిపోయింది. 2012 నాటి సినిమా అదే ఘట్టంలో ఒక భీకర పోరాటాన్ని భవిష్యద్దర్శనంగా చూపించింది. నా దృష్టిలో అది నవలపై వచ్చిన విమర్శలలోకెల్లా సూటి అయినది. ఫాంటసీలో కోరుకున్నది దక్కడం ఒక్కటే చాలదు, మొదట చెప్పిన మూల్యాన్ని ఎవరో ఒకరు చెల్లించాలి.

అపోహ: సమర్థుడైన ఎడిటర్ ఉంటే చివరి పుస్తకం చక్కబడేది.

వాస్తవం: నా బల్ల మీదున్న రాతప్రతిలో అధ్యాయాలనే తీసివేయమని అడగగలను, అచ్చయి పాఠకుల చేతుల్లో ఉన్న మొదటి నవలలోని ఒక్క వాక్యాన్నయినా మార్చలేను. అందుకే రెండవ నవల దశలోనే మాయాశక్తి నియమాలను, తీరని పగలను, ఇచ్చిన మాటలను ఒక పట్టికగా రాయించి, వాటిలో ఏది ఎవరికి ఏ నష్టంతో తీరుతుందో రచయిత చేత చెప్పిస్తాను. జవాబు లేని అంశాన్ని మూడవ నవలకు ముందే కథ నుంచి తప్పించమని కోరతాను.