మసాచుసెట్స్ ఐటీ కుర్చీలోకి మళ్లీ పాత అధికారి: ఫైల్ ఫార్మాట్ గొడవ వెనుక కథ

2006 ఫిబ్రవరిలో లూయిస్ గుటియరెజ్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వానికి చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్‌గా మళ్లీ బాధ్యతలు తీసుకున్నారు. 1990ల రెండో సగంలో ఆయన చేసి వదిలిపెట్టిన పదవే అది. మధ్యలో హార్వర్డ్ పిల్‌గ్రిమ్ అనే ఆరోగ్య బీమా సంస్థలో ఐటీ వ్యవహారాలు చూశారు, కొంతకాలం రాష్ట్ర ఆరోగ్య, మానవ సేవల శాఖలోనూ పనిచేశారు. మామూలు రోజుల్లో ఇలాంటి నియామకానికి పేపర్లో నాలుగు లైన్లు వస్తే ఎక్కువ. కానీ అప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారా అని సాఫ్ట్‌వేర్ రంగంలో చాలామంది ఎదురుచూస్తున్నారు. ఆయన్ని వెనక్కి పిలవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? వచ్చిన మనిషి ఏడాది తిరక్కుండానే ఎందుకు వెళ్లిపోయారు? అది తెలియాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి.

2003లో మిట్ రామ్నీ గవర్నరయ్యారు. ఆయన ఆర్థిక, పరిపాలన శాఖ కార్యదర్శిగా ఎరిక్ క్రిస్‌ను పెట్టుకున్నారు. ఇద్దరూ బెయిన్ క్యాపిటల్ అనే పెట్టుబడుల సంస్థ తొలినాళ్ల నుంచి కలిసి పనిచేసినవాళ్లు. రాష్ట్ర ఐటీ విభాగం క్రిస్ శాఖ కింద ఉండేది. దాని అధిపతి, అంటే అప్పటి చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్, పీటర్ క్విన్. ప్రభుత్వ పత్రాలు ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌కీ బందీ కాకూడదని క్రిస్, క్విన్ గట్టిగా నమ్మారు. ఆ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో 1629 నాటి వలస చార్టర్, 1780 నాటి రాష్ట్ర రాజ్యాంగం భద్రంగా ఉన్నాయి. కాగితం మీద ఉన్నవి కాబట్టి నేటికీ చదువుకోవచ్చు. మరి 1995లో కంప్యూటర్‌లో టైపు చేసిన జీవో సంగతేమిటి? ఇంకో యాభై ఏళ్లకు దాన్ని తెరవగలిగే ప్రోగ్రామ్ ఎవరి దగ్గరుంటుంది?

తెలుగువాళ్లకు ఈ ప్రశ్నను విడమరిచి చెప్పక్కర్లేదు. యూనికోడ్ వాడకం పెరగక ముందు మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టి పేజ్‌మేకర్‌లో పెట్టిన పుస్తకాలు, కరపత్రాలు, సంఘాల తీర్మానాలు ఎన్నో. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో వాటిని తెరిస్తే అక్షరం ముక్క అర్థం కాదు, తెర నిండా పిచ్చి గుర్తులే. రాసినవాళ్లు ఉన్నారు, ఫైలు ఉంది, చదివే దారే మూసుకుపోయింది. నా దృష్టిలో క్రిస్, క్విన్ లేవనెత్తిన ప్రశ్న సాంకేతికమైనది కాదు, పౌరహక్కుకు సంబంధించినది. ప్రజల డబ్బుతో తయారైన పత్రాన్ని చదవడానికి ప్రజలు ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలనడం అన్యాయం.

2005 సెప్టెంబరులో ఐటీ విభాగం తుది విధానాన్ని ప్రకటించింది. 2007 జనవరి 1 నుంచి కార్యనిర్వాహక శాఖలన్నీ తమ పత్రాలను ఓపెన్‌డాక్యుమెంట్ ఫార్మాట్‌లో దాచాలి. పీడీఎఫ్‌కూ అనుమతి ఉంది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫార్మాట్‌ను కూడా చేర్చే ఆలోచన మొదట్లో ఉన్నా, తుది పత్రంలో దానికి చోటు దక్కలేదు.

ఓపెన్‌డాక్యుమెంట్ అంటే ఏమిటో ఇంట్లోనే చూడొచ్చు. లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నాలుగు తెలుగు వాక్యాలు రాసి సేవ్ చేయండి. ఆ ఫైలు పేరు చివర ఉన్న ఓడీటీని జిప్ అని మార్చి తెరవండి. లోపల కొన్ని చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. వాటిలో ‘కంటెంట్’ అన్న పేరున్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ట్యాగుల మధ్య మీ వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఉంటాయి. పాత వర్డ్ డాక్ ఫైలును అలా తెరిచి చదవడం కుదరదు. పైగా 2005 మే నెలలో ఓయాసిస్ అనే సంస్థ ఈ ఫార్మాట్‌ను ప్రమాణంగా ఆమోదించింది. దాన్ని ఎవరైనా అమలు చేసుకోవచ్చు.

వ్యతిరేకత నలువైపుల నుంచీ వచ్చింది. మైక్రోసాఫ్ట్ అభ్యంతరం ఊహించిందే, వేల డెస్క్‌టాప్‌ల వ్యవహారం మరి. అక్టోబరు 31న రాష్ట్ర సెనేటర్ మార్క్ పచెకో విచారణ జరిపి, ఈ నిర్ణయం తీసుకునే అధికారం ఐటీ విభాగానికి ఎవరిచ్చారని నిలదీశారు. ప్రభుత్వ రికార్డులు తన పరిధిలోనివని రాష్ట్ర కార్యదర్శి విలియం గాల్విన్ కార్యాలయం కూడా అనుమానాలు లేవనెత్తింది. వీటన్నిటికంటే బలమైన అభ్యంతరం చూపులేని ఉద్యోగులది. జాస్ లాంటి స్క్రీన్ రీడర్లు మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో చక్కగా పనిచేసేవి. ఓపెన్‌డాక్యుమెంట్‌ను వాడే అప్పటి ఓపెన్‌ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌తో అంతగా కుదిరేది కాదు. తెరమీది మాటను చెవితో విని ఉద్యోగం చేసుకునే మనిషికి సాఫ్ట్‌వేర్ మారడమంటే ఉద్యోగానికే ఎసరు. విధానం రాసినవాళ్లు ఈ విషయాన్ని ముందే ఆలోచించాల్సింది. ఆలోచించకపోవడం వాళ్ల వాదనను బాగా దెబ్బతీసింది.

ఈలోగా క్రిస్ పదవి వదిలి వెళ్లిపోయారు. క్విన్ ఒంటరయ్యారు. నవంబరు చివర్లో ఆయన సదస్సులకు చేసిన ప్రయాణాల మీద బోస్టన్ గ్లోబ్ కథనం వేసింది, అనుమతులు సక్రమంగా ఉన్నాయా అని. రాష్ట్ర ప్రభుత్వం విచారించి తప్పేమీ లేదని తేల్చింది. అయినా ఆయన మనసు విరిగింది. డిసెంబరు చివర్లో రాజీనామా ప్రకటించి, జనవరిలో వెళ్లిపోయారు.

గుటియరెజ్‌ను పిలిచింది ఈ పరిస్థితిలో. ఆయనకు సచివాలయం తెలుసు, శాసనసభ తెలుసు, ఏ శాఖలో ఏ సర్వర్ మూలుగుతోందో తెలుసు. విధానాన్ని వెనక్కి తీసుకోలేదు, ఊదరగొట్టనూ లేదు. 2006 మే నెలలో ఒక ప్రశ్న బయటపెట్టారు: మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లోనే ఉంటూ ఓపెన్‌డాక్యుమెంట్‌లో సేవ్ చేసే ప్లగిన్, అంటే దానికి తగిలించే చిన్న ప్రోగ్రామ్, ఎవరైనా ఇవ్వగలరా? సరిగ్గా అదే నెలలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఆ ఫార్మాట్‌ను అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదించింది. ప్లగిన్ ఉంటే చూపులేని ఉద్యోగి తన స్క్రీన్ రీడర్ వదులుకోనక్కర్లేదు, ఫైలు మాత్రం బహిరంగ ప్రమాణంలో ఉంటుంది. ఆగస్టులో ఈ దారినే వెళ్తామని, కొన్ని శాఖలతో మొదలుపెట్టి దశలవారీగా అమలు చేస్తామని ప్రకటించారు. ఈ మొత్తం వ్యవహారంలో అందరి మాటా విని తీసుకున్న నిర్ణయం నాకు ఇదొక్కటే కనిపిస్తుంది.

ఆయన్ని ఓడించింది ఫార్మాట్ కాదు, డబ్బు. మసాచుసెట్స్‌లో పెద్ద ఐటీ ప్రాజెక్టులకు డబ్బు బాండ్ల ద్వారా అప్పుగా తెస్తారు. అప్పు చేయాలంటే ఉభయ సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అప్పటి నిబంధనల ప్రకారం సరిసంఖ్య సంవత్సరాల్లో అధికారిక సమావేశాలు జూలై 31తో ముగిసేవి. ఆ తర్వాత జరిగే అనధికారిక సమావేశాల్లో ఓట్లు లెక్కించే ప్రక్రియ ఉండేది కాదు కాబట్టి బాండ్ బిల్లు కదిలేది కాదు. ఐటీ బాండ్ బిల్లు ఆ గడువులోపు గట్టెక్కలేదు. గవర్నర్ రిపబ్లికన్, పైగా మళ్లీ పోటీ చేయడం లేదు. సభలు డెమొక్రాట్లవి. దిగిపోతున్న గవర్నర్ ఐటీ పనుల మీద ఎవరికీ తొందర లేకపోయింది.

అక్టోబరులో గుటియరెజ్ రాజీనామా లేఖ ఇచ్చారు. సమావేశాలు బిల్లు తేల్చకుండా ముగిసినప్పుడే రాష్ట్రంలో ఐటీ పనుల ఊపిరి ఆగిందన్నది ఆ లేఖ సారాంశం. దశాబ్దం పైగా కట్టుకొచ్చిన కార్యక్రమాన్ని తన చేతులతోనే విప్పేయాల్సి వస్తోందన్న బాధ అందులో ఉంది. అందులో చాలా భాగానికి పునాది వేసిన కాలంలో ఆయనే అధికారి.

2007 జనవరిలో డెవల్ పాట్రిక్ గవర్నరయ్యారు. ఆగస్టు 1న ఐటీ విభాగం విధానాన్ని సవరించి, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఆఫీస్ ఓపెన్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను కూడా అంగీకార జాబితాలో చేర్చింది. ఆ ఫార్మాట్ వివరణే సుమారు ఆరు వేల పేజీలు. ఐఎస్ఓలో దాని మీద ఓటింగ్ జరిగినప్పుడు మన దేశం 2007లోనూ, 2008లోనూ వద్దనే ఓటేసింది. అయినా అది నెగ్గింది. దక్షిణాఫ్రికా, బ్రెజిల్, వెనెజులాలతో పాటు భారత్ అప్పీలుకు వెళ్లింది, ఫలితం లేకపోయింది. 2010 నవంబరులో కేంద్రం ఈ-గవర్నెన్స్ కోసం ఓపెన్ స్టాండర్డ్స్ విధానం తెచ్చింది. అప్పటికే, 2009లో, మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ 2007లోనే ఓపెన్‌డాక్యుమెంట్‌కు చోటిచ్చింది. క్విన్ అడిగింది చివరికి వచ్చింది, ఆయన పదవిలో లేనప్పుడు.

గుటియరెజ్ 2015లో ఇంకోసారి ప్రభుత్వ సేవలోకి వచ్చారు, ఈసారి రాష్ట్ర ఆరోగ్య బీమా ఎక్స్ఛేంజ్ అయిన హెల్త్ కనెక్టర్ అధిపతిగా. 2017లో మసాచుసెట్స్ తన ఐటీ వ్యవస్థను ఆర్థిక శాఖ కింద నుంచి తప్పించి, సొంత కార్యదర్శి ఉన్న ప్రత్యేక శాఖగా మార్చింది.