ఈక్వలైజర్ ముట్టుకునే ముందు స్పీకర్లు జరపండి

మా ముందు గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, స్లాబు ఎత్తు కూడా పదడుగులే. స్టీరియో తెచ్చిన కొత్తలో స్పీకర్లు రెండూ మూలల్లో గోడకి ఆనించి పెట్టాను. ఏ పాట పెట్టినా బేస్ గిటార్‌లో ఒక్క స్వరం దగ్గరికి వచ్చేసరికి గదంతా గుమ్మని మోగేది, బీరువా తలుపు జిర్రుమనేది, దాని పక్క స్వరానికి మాత్రం ఏ గొడవా లేదు. స్పీకర్ పోయిందేమోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే అదంతా గది పని.

ధ్వని సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెండింతల పొడవున్న తరంగం ఆ గోడల మధ్యే అటూ ఇటూ తిరుగుతూ తనకి తనే తోడై బలపడుతుంది. పదడుగులకి లెక్కేస్తే అది 56 హెర్ట్జ్ (అంటే సెకనుకి 56 కంపనాలు) దగ్గర పడుతుంది, బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ పక్కనున్న తీగని ఏమీ నొక్కకుండా మీటితే వచ్చేదేమో 55 హెర్ట్జ్! పైగా మా గదికి వెడల్పూ ఎత్తూ ఒకటే, అంటే గోడలూ, నేలా స్లాబూ కలిసి ఆ ఒక్క స్వరాన్నే మోస్తున్నాయన్నమాట.

ఇలాంటి పాట పెట్టి గదిలో మెల్లగా నడిచి చూడండి. గోడ దగ్గర మోత, మూలలో ఇంకా మోత, నడిమధ్య నిలబడితే ఆ స్వరం దాదాపు మాయం. ఈక్వలైజర్ అంటే లోతు స్వరాల నుంచి సన్న స్వరాల దాకా ఒక్కో భాగాన్ని విడివిడిగా పెంచి తగ్గించే పరికరం. అక్కడ లేని బేస్‌ని, అంటే లోతు స్వరాల్ని, ఏ ఈక్వలైజరూ తేలేదు, ఎందుకంటే గోడకి తగిలి వెనక్కొచ్చిన తరంగం అక్కడ అసలు తరంగాన్ని చెరిపేస్తోంది, మీరు ఎంత పెంచితే చెరిపేదీ అంతే పెరుగుతుంది. కుర్చీ జరుపుకోవాలి, అంతే. నేను స్పీకర్లని మూలల్లోంచి రెండడుగులు ముందుకి లాగితే సగం మోత అప్పుడే పోయింది.

మిగిలిన సగానికే ఈక్వలైజర్. పది స్లైడర్లదైతే 31, 62, 125 అంటూ రెట్టింపవుతూ 16,000 హెర్ట్జ్ దాకా ఉంటుంది, మంద్ర షడ్జమం నుంచి మధ్య షడ్జమం దాకా ఎంత దూరమో ఒక్కో మెట్టూ అంత. చాలామంది తేగానే రెండు చివర్లూ పైకెత్తి మధ్యవి కిందికి దించేస్తారు. ఐదు నిమిషాలు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ గొంతు ఉండేది ఆ మధ్యలోనే కదా, పాడేవాళ్లు పక్క గదిలోకి వెళ్లిపోయినట్టు అయిపోతారు.

నా మాట వింటే అన్నీ సున్నా దగ్గర పెట్టి, మీకు బాగా తెలిసిన పాట వింటూ, ఇబ్బంది పెడుతున్న చోటే కొంచెం కొంచెంగా తగ్గించండి. పెంచడం ఖరీదైన పని. 3 డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫయర్ రెట్టింపు పవర్ ఇవ్వాలి, 12 పెంచితే దాదాపు 16 రెట్లు. ఆ బ్యాండ్‌లో, అంటే ఒక స్లైడర్ పట్టే స్వరాల్లో, 5 వాట్లు సరిపోతున్న చోట 80 అడిగితే 50 వాట్ల ఆంప్లిఫయర్ ఎక్కడి నుంచి తెస్తుంది? తరంగం తలలు తెగిపోయి శబ్దం చీలుతుంది, అలా తెగినప్పుడు పుట్టే అదనపు హై ఫ్రీక్వెన్సీలు, అంటే కీచు శబ్దాలు, వాటిని పలికే ట్వీటర్ అనే చిన్న స్పీకర్ మీద పడతాయి. అలాగే వదిలేస్తే ట్వీటర్ కాలిపోవచ్చు కూడా.

రాత్రిళ్లు చిన్నగా పెట్టుకుని వినేటప్పుడు మాత్రం బేస్ కాస్త పెంచడం న్యాయమే. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి లోతు స్వరాలు మిగతావాటికంటే ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తాయి, 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ దీన్ని కొలిచి చూపించారు. పాత సెట్లలో లౌడ్‌నెస్ అనే బటన్ ఉండేది ఇందుకే. పొద్దున వాల్యూమ్ పెంచినప్పుడు గుర్తుపెట్టుకుని మళ్లీ దించాలి.

ఇంకొకటి, ఇది పెద్దవాళ్లున్న ఇంటికి చాలా అవసరం. వయసు పెరిగేకొద్దీ ముందు తగ్గేది హై ఫ్రీక్వెన్సీల వినికిడి. అ, ఆ, ఓ లాంటి అచ్చుల బలం కింది బ్యాండ్లలో ఉంటుంది, స, శ, త లాంటివి తేడా తెలియాలంటే 2,000 నుంచి పైన ఉండే శబ్దం కావాలి. అందుకే మా అమ్మ వార్తలు వింటూ "వినపడుతోంది గానీ ఏమంటున్నాడో తెలియట్లేదురా" అనేది, నేనేమో వాల్యూమ్ పెంచేవాణ్ణి. ఇప్పుడు వార్తలప్పుడు 125, 250 స్లైడర్లు నాలుగు డెసిబెల్స్ దించి, 2,000, 4,000 మూడు పెంచుతున్నాను. వాల్యూమ్ ముట్టుకోవట్లేదు.