డార్విన్ ఫించ్‌లు ఫించ్‌లు కావా? టానజర్ల ఇంటిపేరు గొడవ

అమలాపురంలో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడికి మొన్న జువాలజీ స్లిప్ టెస్టులో ఒక మార్కు పోయింది. గాలపాగోస్ దీవుల్లో డార్విన్ సేకరించిన చిన్న పిట్టలు, అంటే డార్విన్ ఫించ్‌లు, ఏ కుటుంబానికి చెందినవి అని ప్రశ్న. వీడు "థ్రాపిడే, అంటే టానజర్లు" అని రాశాడు. కీలో ఉన్నది ఫ్రింజిల్లిడే, అంటే ఫించ్‌ల కుటుంబం. "మావయ్యా, ఫోన్‌లో చూస్తే నాదే కరెక్టు, పుస్తకంలో చూస్తే సారుది కరెక్టు. ఎవరిది నిజం?" అని మొహం మాడ్చుకుని వచ్చాడు. నిజం వాడిదే. కానీ పుస్తకం తప్పెందుకు చెబుతోందో తెలియాలంటే మూడున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

ముందు టానజరంటే ఏమిటో చెప్పాలి. కోరింగ మడ అడవుల్లో ఎన్నేళ్లు తిరిగినా మనకది కనబడదు. ఆ పిట్టలు అమెరికా ఖండాలవి, అందులోనూ ఎక్కువగా దక్షిణ అమెరికావి. బ్రెజిల్‌లో టూపీ భాష మాట్లాడే జనం రంగురంగుల చిన్న పిట్టల్ని 'టంగరా' అనేవాళ్లు. 1648లో మార్క్‌గ్రావ్ రాసిన బ్రెజిల్ ప్రకృతి చరిత్రతో ఆ మాట యూరప్ చేరింది. 1760లో ఫ్రెంచ్ పక్షిశాస్త్రవేత్త బ్రిసన్ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. తర్వాత, జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ చేతిలో అక్షరాలు తారుమారై 'టనగ్రా' అయింది. ఇంగ్లిష్‌వాళ్ల 'టానజర్' ఆ తారుమారైన మాట నుంచే వచ్చింది. అంటే మొదటి తప్పు పేరులోనే పడింది.

రెండో తప్పు ముక్కు దగ్గర. పాతకాలపు శాస్త్రవేత్తలకు ఓడల్లో వచ్చిన ఎండు చర్మాలే ఆధారం. పిట్ట ఎలా బతికిందో చూసే వీలు లేదు. అందుకని ముక్కును బట్టి పోగులు పెట్టారు. లావు ముక్కుతో గింజలు కొరికేవి ఒక పోగు. సన్నటి వంకర ముక్కుతో తేనె తాగేవి ఇంకో పోగు. పళ్లు తినే రంగుల పిట్టలు టానజర్లు. 1847లో జర్మన్ పక్షిశాస్త్రవేత్త కబానిస్ పెట్టిన థ్రాపిడే అన్న పేరు కింద ఈ టానజర్లు స్థిరపడ్డాయి.

ఇలాంటి పని మన పిట్టలకీ జరిగింది. కాలువ గట్టు మీద తాటిచెట్టుకు గూళ్లు వేలాడదీసే గిజిగాడు, ఇంటి చూరులో పిచ్చుక, వరి కోతలయ్యాక చేలో గుంపుగా వాలే జీనువాయి, ఈ మూడూ గింజలు తినేవే, పొట్టి లావు ముక్కువే. ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా మూడింటినీ ఒకే నేతపిట్టల కుటుంబంలో పెట్టారు. ఇప్పుడవి మూడు వేర్వేరు కుటుంబాలు. పిచ్చుక గూడు ఎలా ఉంటుందో చూసిన ఎవరైనా, గిజిగాడితో దానికి చుట్టరికం ఏమిటని అప్పుడే అడగాల్సింది!

ముక్కు ఎందుకు మోసం చేస్తుందంటే, అది తిండిని బట్టి త్వరగా మారిపోయే అవయవం. దీనికి పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగోస్ దీవులను మించిన సాక్ష్యం లేదు. 1835లో డార్విన్ అక్కడ పిట్టల్ని సేకరించినప్పుడు ఆయనకే అయోమయం. ముక్కులు చూసి కొన్నింటిని ఫించ్‌లనుకున్నాడు, కొన్నింటిని ఇంకేవో అనుకున్నాడు. 1837 జనవరిలో లండన్‌లో పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ వాటిని పరిశీలించి, ఇవన్నీ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలేనని, వేరే ఎక్కడా లేని గుంపు అని తేల్చాడు. ఫించ్‌లన్న మాట అలాగే ఉండిపోయింది. 1947లో పక్షిశాస్త్రవేత్త డేవిడ్ లాక్ రాసిన పుస్తకంతో 'డార్విన్ ఫించ్‌లు' అన్న పేరు ప్రపంచమంతా పాకింది. మన పాఠ్యపుస్తకాల్లోకీ అలాగే వచ్చింది.

డీఎన్ఏ పరీక్షలు వచ్చాక కథ తిరగబడింది. ఈ శతాబ్దం మొదట్లో తేలిందేమిటంటే, డార్విన్ ఫించ్‌లకు అతి దగ్గరి చుట్టాలు దక్షిణ అమెరికా, కరీబియన్ ప్రాంతాల్లో గడ్డిగింజలు తినే కొన్ని పిట్టలు. అవన్నీ టానజర్ల గుంపులోవే. సుమారు ఇరవై లక్షల ఏళ్ల క్రితం ఒక చిన్న గుంపు సముద్రం దాటి దీవులకు చేరింది. దాని సంతతిలో ఒకటి లావు ముక్కుతో గట్టి గింజలు పగలగొడుతుంది. ఒకటి కాక్టస్ ముల్లు నోట కరుచుకుని చెట్టు బెరడులోంచి పురుగుల్ని బయటికి లాగుతుంది. ఒకటి పెద్ద సముద్రపు పిట్టల్ని పొడిచి రక్తం తాగుతుంది. ఒకే తాత మనవలంటే నమ్మబుద్ధి కాదు.

2014లో కెవిన్ బర్న్స్, ఆయన సహచరులు 353 జాతుల టానజర్ల వంశవృక్షం వేశారు. తేనె తాగే పిట్టలు చాలావరకు టానజర్ల కుటుంబంలోకి వచ్చాయి, గింజలు తినేవి బోలెడు వచ్చాయి. ఇప్పుడు కుటుంబంలో 380కి పైగా జాతులున్నాయి. ప్రపంచంలో పిట్ట జాతులు మొత్తం సుమారు 11,000 అనుకుంటే ఇది చిన్న వాటా కాదు.

అసలు తమాషా బయటికి పోయినవాటిది. ఒళ్లంతా ఎరుపు, రెక్కలు నలుపు ఉండే స్కార్లెట్ టానజర్ ఉత్తర అమెరికా వాళ్లకు టానజరంటే గుర్తొచ్చే మొదటి పిట్ట. 2009లో అమెరికా పక్షిశాస్త్రవేత్తల సంఘం దాన్ని కార్డినల్ పిట్టల కుటుంబంలోకి మార్చింది. పేరు మాత్రం మార్చలేదు. పోనీ, కార్డినల్ అని పిలిచే ఎర్రజుట్టు పిట్ట ఒకటి దక్షిణ అమెరికాలో ఉంది, అది టానజర్! మన వైపు ఇంటిపేరు ఒకటైతే చుట్టాలే అయి ఉండక్కర్లేదు. దత్తత వెళ్తే ఇంటిపేరు మారుతుంది, రక్తం మారదు. ఇక్కడ కుటుంబాలు మారాయి, ఇంటిపేర్లు మారలేదు.

పళ్లు తినే టానజర్ల తీరు వీడియోల్లో చూడాలి. మన పెరట్లో పిగిలిపిట్ట చిన్న పండు దొరికితే గుటుక్కున మింగేస్తుంది. టానజర్ అలా కాదు. పండును ముక్కులో అటూ ఇటూ తిప్పుతూ నలుపుతుంది, రసం, గుజ్జు తీసుకుని తొక్క కింద పడేస్తుంది. మామిడిపండు చీకే పిల్లాడు గుర్తొస్తాడు.

ఇంకో చిక్కు జాతి పేర్లలో ఉంది. ఏడు రంగులు పులుముకున్నట్టుండే ప్యారడైజ్ టానజర్‌కు శాస్త్రీయ నామం 'టంగరా చిలెన్సిస్', అంటే చిలీది అని. అది చిలీలో లేనే లేదు. మనం నవ్వనక్కర్లేదు, మన గిజిగాడి పేరు 'ప్లోసియస్ ఫిలిప్పైనస్'. అది ఫిలిప్పీన్స్‌లో పుట్టింది కాదు. ఎర్ర జీనువాయికి పెట్టిన 'అమందవ' అన్నది అహ్మదాబాద్‌కు వచ్చిన వంకర రూపం. ముందు పెట్టిన పేరుదే హక్కు అని నియమం ఉంది కాబట్టి తప్పని తెలిసినా ఇవేవీ మార్చరు.

మా వాడికి మార్కు కలపలేదు. పబ్లిక్ పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే "డార్విన్ ఫించ్‌లు, పాత వర్గీకరణలో ఫ్రింజిల్లిడే, ఇప్పుడు థ్రాపిడే" అని రెండూ రాయమన్నాను. "రెండూ రాస్తే అర మార్కేమో మావయ్యా" అన్నాడు. ఆ టెన్షన్ వాడికి వదిలేశాను.